రేడియో కంట్రోల్ పడవ పందేలు: అదృష్టానికి వదిలిపెట్టకూడని పనులు

పందెం మధ్యలో పడవ ఆగిపోతే ఒడ్డున మొదట వినిపించే మాట దురదృష్టం. మోడల్ పడవల పందేల్లో నిజమైన దురదృష్టం లేదని కాదు. ముందున్న పడవ లేపిన అల సరిగ్గా మలుపులోనే తగలవచ్చు, నీటి అడుగున ఉన్న కొమ్మ ఎవరి కంటా పడకపోవచ్చు, పక్కవారి పడవ అదుపు తప్పి మన పడవ మీదికి రావచ్చు. అయితే ఆగిన పడవను ఒడ్డుకు తెచ్చి, మూత తీసి, ఓపికగా వెతికితే, కారణం పందెం మొదలవడానికి ముందే పడవలో కూర్చుని ఉందని చాలాసార్లు తెలుస్తుంది. గ్రీజు ఎండిన షాఫ్ట్, సరిగా పట్టని టంకం, తడి మీద అతికించిన టేపు, వదులైన ఒక స్క్రూ వంటివి నీటిలో దిగాక బయటపడతాయే తప్ప నీటిలో పుట్టవు. అలాంటి వాటిని ముందుగా ఎలా పట్టుకోవాలో, పట్టుకోలేనివి ఎదురైనప్పుడు నష్టాన్ని ఎలా తగ్గించుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఇందులో ఎక్కువ భాగం ఎలక్ట్రిక్ పడవలకు సంబంధించినది. ఇంజిను పడవలకు ప్రత్యేకమైన విషయాలను ఆయా చోట్ల చెబుతాను.

ఈ జాగ్రత్తలు వేగాన్ని తగ్గిస్తాయేమోనని వెనుకాడేవారు పాయింట్ల లెక్కను ఒకసారి చూడాలి. పూర్తి స్థాయి హైడ్రోప్లేన్ (నీటి పైపైన దూసుకుపోయే పడవ) పందేల నుంచి వచ్చిన పద్ధతిలో ఒక హీటులో, అంటే పందెంలోని ఒక విడత పరుగులో, మొదటి స్థానానికి 400, రెండో స్థానానికి 300, మూడో స్థానానికి 225, నాలుగో స్థానానికి 169 పాయింట్లు ఇస్తారు. ఆగిపోయిన హీటుకు ఏమీ రాదనుకుంటే, నాలుగు హీట్లలో రెండు గెలిచి రెండింట ఆగిపోయిన పడవకు 800 పాయింట్లు వస్తాయి. ఒక్కటీ గెలవకుండా నాలుగింటిలోనూ మూడో స్థానంలో నిలిచిన పడవకు 900 వస్తాయి. చివరిదాకా తిరిగే పడవను సిద్ధం చేయడమే గెలుపుకు దగ్గరి దారి అని నేను గట్టిగా నమ్ముతాను.

షాఫ్ట్ నుంచి ప్రొపెల్లర్ దాకా

మోటారు శక్తిని ప్రొపెల్లర్‌కు చేర్చేది చాలా పందెపు పడవల్లో ఫ్లెక్స్ షాఫ్ట్, అంటే సన్నని ఉక్కు తీగలను పొరలు పొరలుగా చుట్టి చేసిన, వంగే గుణమున్న కడ్డీ. పడవ ఆగినప్పుడు మొదట అనుమానించవలసింది దీన్నే. తీగల చుట్టుకు ఒక దిశ ఉంటుంది; తిరిగేటప్పుడు పై పొర మరింత బిగుసుకోవాలే తప్ప విచ్చుకోకూడదు. బ్రష్‌లెస్ మోటారుకు వెళ్లే మూడు వైర్లలో ఏ రెండింటిని తారుమారు చేసినా మోటారు ఎదురు దిశలో తిరుగుతుంది కనుక, వైర్లు విప్పి మళ్లీ కలిపిన ప్రతిసారీ తిరిగే దిశను సరిచూడాలి. చూడకుండా నీటిలో దింపితే షాఫ్ట్ చుట్టు విడిపోయి, అది తిరిగే ట్యూబు లోపలే తెగవచ్చు.

లోడు పడినప్పుడు షాఫ్ట్ మెలి తిరిగి పొడవులో కొద్దిగా తగ్గుతుంది. అందుకే షాఫ్ట్ వెనుక కొనను పట్టి ఉంచే స్ట్రట్ చివరకూ, ప్రొపెల్లర్‌ను పట్టి తిప్పే డ్రైవ్ డాగ్‌కూ మధ్య 2 నుంచి 3 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. ఒడ్డున చూస్తే ఈ ఖాళీ ఏదో సరిగా బిగించనట్లు కనిపిస్తుంది, అందుకే కొత్తవారు దాన్ని శ్రద్ధగా మూసేస్తుంటారు. అలా మూసిన పడవ పూర్తి వేగం అందుకోగానే షాఫ్ట్ కురచబడి డాగ్ వెళ్లి స్ట్రట్‌ను ఒరుసుకుంటుంది. స్ట్రట్‌లో షాఫ్ట్ తిరిగే బుష్ వేడెక్కి అరుగుతుంది, మోటారు లాగే కరెంటు పెరుగుతుంది, చివరకు మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే స్పీడ్ కంట్రోలర్ మాడిపోతుంది. ఇంత జరిగాక నింద కంట్రోలర్ మీదికే పోతుంది, దాన్ని మార్చాక అదే కథ మళ్లీ నడుస్తుంది.

మోటారు కడ్డీని షాఫ్ట్‌తో కలిపే కొలెట్ జారిపోవడం మరో సాధారణ లోపం. కొలెట్ మీదుగా షాఫ్ట్ మీదికి మార్కర్‌తో ఒక సన్నని గీత గీసి ఉంచితే, ప్రతి హీటు తరవాత ఆ గీత విరిగిందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది. విరిగితే కొలెట్ జారుతున్నట్లే. కొలెట్ లోపలా షాఫ్ట్ చివరా గ్రీజు ఉంటే ఎంత బిగించినా పట్టు రాదు కనుక, బిగించే ముందు ఆ రెండు చోట్లను ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడవాలి. ట్యూబు లోపల మాత్రం నీటికి కరిగిపోని మెరైన్ గ్రీజు సమృద్ధిగా ఉండాలి. అది షాఫ్ట్‌ను కాపాడటంతో పాటు ట్యూబు గుండా నీరు పడవలోకి ఎక్కకుండా అడ్డుపడుతుంది. పందెం రోజున ప్రతి రెండు మూడు పరుగులకు ఒకసారి షాఫ్ట్‌ను బయటికి లాగి, తుడిచి, కొత్త గ్రీజు పట్టించడం మంచిది. తీగలో ఒక్క పోగు తెగి కనిపించినా, చుట్టు వదులైనట్లు అనిపించినా దాన్ని ఇంకొక హీటుకు వాడకూడదు.

ప్రొపెల్లర్ విషయంలో ఎక్కువ నష్టం చేసేది అత్యాశ. ఒకే ఆకారం ఉండి, నిమిషానికి అన్నే చుట్లు తిరిగినప్పుడు, ప్రొపెల్లర్‌కు కావలసిన శక్తి దాని వ్యాసం అయిదో ఘాతంతో పెరుగుతుంది. 40 మిల్లీమీటర్ల ప్రొపెల్లర్ తీసి 42 మిల్లీమీటర్లది పెడితే వ్యాసం పెరిగింది 5 శాతమే, కానీ శక్తి అవసరం సుమారు 28 శాతం పెరుగుతుంది. సగం మునిగి సగం తేలి తిరిగే పందెపు ప్రొపెల్లర్లకు ఈ లెక్క కచ్చితంగా సరిపోకపోయినా దిశ మాత్రం ఇదే. రెండు మిల్లీమీటర్లే కదా అనుకుని మార్చి, మొదటి పరుగులోనే పూర్తి దూరం తిప్పకూడదు. అర నిమిషం నడిపి, ఒడ్డుకు తెచ్చి, మోటారు, కంట్రోలర్, బ్యాటరీ, వైర్ల కలయికలు ఎంత వేడెక్కాయో చూసి, ఆ తరవాతే సమయం పెంచాలి. బ్యాలెన్సు చేయని ప్రొపెల్లర్ పుట్టించే కంపనం స్క్రూలను వదులు చేస్తుంది, టంకాలను పగులగొడుతుంది, బేరింగులను తినేస్తుంది. కాబట్టి కొత్త ప్రొపెల్లర్‌ను బ్యాలెన్సు చేయకుండా వాడవద్దు. బెరీలియం రాగి ప్రొపెల్లర్లను అరగదీసేటప్పుడు వచ్చే పొడి ఊపిరితిత్తులకు విషం. నీటితో తడుపుతూ, మాస్కు పెట్టుకుని మాత్రమే ఆ పని చేయాలి.

చుక్కాని బిగింపు గురించి ఒక మాట. చాలా పడవల్లో చుక్కాని ఒక ప్లాస్టిక్ స్క్రూ లేదా మెత్తటి పిన్ను ఆధారంగా నిలుస్తుంది. తేలుతున్న చెక్క తగిలితే ఆ పిన్ను తెగి చుక్కాని వెనక్కి మడుచుకుంటుంది, హల్ (పడవ డొల్ల) బతుకుతుంది. అది మాటిమాటికీ తెగుతోందని విసిగి ఉక్కు స్క్రూ బిగించేవారి పడవలకు తరవాతి దెబ్బలో వెనుక గోడే ఊడి వస్తుంది. తెగవలసిన దాన్ని తెగనివ్వండి, సరిపడా విడి పిన్నులు పెట్టెలో ఉంచుకోండి. ఇక లోహంలో బిగిసే లోహపు స్క్రూలన్నింటికీ నీలిరంగు థ్రెడ్ లాకర్ ఒక చుక్క వేయాలి. కొన్ని రకాల ప్లాస్టిక్‌ను అది పగులగొడుతుంది కనుక ప్లాస్టిక్ భాగాల దగ్గర వాడవద్దు.

కరెంటు, వేడి, నీటి గొట్టాలు

లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలో ఒక్కో సెల్ పూర్తిగా చార్జయినప్పుడు 4.2 వోల్టులు ఉంటుంది, పని చేస్తుండగా 3 వోల్టుల కిందికి ఎన్నడూ దిగకూడదు. పందెం తరవాత చార్జరు ఎన్ని మిల్లీయాంపియర్ గంటలు తిరిగి ఎక్కించిందో రాసుకోవడం అన్నింటికన్నా నమ్మదగిన కొలత. 5000 మిల్లీయాంపియర్ గంటల ప్యాక్‌లోకి 4000కు మించి ఎక్కుతోందంటే మీరు అంచు దాటుతున్నారని అర్థం. ప్రొపెల్లర్ తగ్గించాలి, లేదా ప్యాక్ పెంచాలి. చివరి చుట్టులో అకస్మాత్తుగా నీరసించే పడవల్లో చాలావాటిది ఈ లెక్క చూసుకోని కథే.

స్పీడ్ కంట్రోలర్లు మాడిపోవడానికి బ్యాటరీ వైపు వైర్లు పొడవుగా ఉండటం ఒక పెద్ద కారణం. కంట్రోలర్ కరెంటును సెకనుకు వేల సార్లు తెంచి కలుపుతూ ఉంటుంది. వైరు పొడవు పెరిగేకొద్దీ ఆ తెంచినప్పుడల్లా వోల్టేజి ఎగిరిపడి కెపాసిటర్ల మీద భారం పడుతుంది. పొడిగించక తప్పకపోతే మోటారు వైపు పొడిగించండి, బ్యాటరీ వైపు వీలైనంత పొట్టిగా ఉంచండి. సగం థ్రాటిల్ మీద చాలాసేపు నడపడం కంట్రోలర్‌కు విశ్రాంతి అనుకోవడం కూడా పొరపాటు. ఆ స్థితిలోనే దానికి వేడి ఎక్కువయ్యే అవకాశం ఉంది. టంకాల విషయానికి వస్తే, పైకి మెరుస్తూ కనిపించి లోపల పట్టని అతుకు గట్టిగా లాగితే ఊడి వస్తుంది. అలా ఊడవలసిందేదో మీ చేతిలోనే ఊడిపోవడం మంచిది కనుక, ప్రతి కనెక్టరునూ ఒకసారి లాగి చూడండి.

చల్లబరిచే నీరు చుక్కాని అంచునో, హల్ అడుగునో ఉన్న రంధ్రం గుండా ఎక్కి, కంట్రోలర్, మోటారు చుట్టూ తిరిగి, పక్కనున్న గొట్టం గుండా బయటికి వస్తుంది. ఇసుక రేణువో, నాచు పోగో, సిలికాన్ గొట్టంలో ఒక మడతో ఈ ప్రవాహాన్ని ఆపగలవు. హీటుకు ముందు పిచికారీతో నీళ్లెక్కించి రెండో చివర ధారగా వస్తున్నాయో లేదో చూడాలి. పందెంలో పడవ మన ముందు నుంచి వెళ్తున్నప్పుడు పక్క నుంచి చిమ్మే ధార కనబడుతోందో లేదో గమనించడం అలవాటు చేసుకోవాలి. మోటారులో ఉండే నియోడిమియం అయస్కాంతాల్లో సాధారణ రకం 80 డిగ్రీల సెల్సియస్ దాటాక బలం కోల్పోవడం మొదలవుతుంది. ఎక్కువ వేడిని తట్టుకునే రకాలు ఉన్నా, నీటి జాకెట్ ఉన్న మోటారు పైన చేయి పెడితే తెలిసేది లోపలి వేడి కాదని గుర్తుంచుకోవాలి. వేడెక్కి బలం తగ్గిన మోటారు పైకి బాగానే తిరుగుతుంది, కానీ అదే వేగానికి ఎక్కువ కరెంటు లాగుతూ తరవాతి ప్రమాదాన్ని సిద్ధం చేస్తుంది.

సిగ్నల్ పోవడం

ఇప్పటి రేడియోలు 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. ఒకే చానెల్ మీద ఇద్దరు ట్రాన్స్‌మిటర్ వేసి ఒకరి పడవను మరొకరు పోగొట్టుకునే పాత బెడద దీనితో తీరింది. కానీ ఈ తరంగాలను నీరు బాగా పీల్చుకుంటుంది. రిసీవర్ యాంటెన్నా చివర పైపొర లేని సుమారు 31 మిల్లీమీటర్ల తీగ మాత్రమే సిగ్నల్‌ను పట్టే భాగం. అది నీటి మట్టానికి పైన, నిటారుగా, ప్లాస్టిక్ గొట్టంలో నిలబడాలి. కార్బన్ ఫైబర్ హల్ లోపల దాన్ని పడుకోబెడితే సిగ్నల్‌కు దారి మూసినట్లే. ఆ చివరను ఎప్పుడూ కత్తిరించకూడదు.

సిగ్నల్ పోయిందని చెప్పే సందర్భాల్లో కొన్నింట రేడియోకు ఏ పాపమూ తెలియదు. చుక్కాని సర్వో (దాన్ని తిప్పే చిన్న మోటారు) బిగుసుకుని ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు రిసీవర్‌కు అందే వోల్టేజి పడిపోయి, అది ఆగి మళ్లీ మొదలవుతుంది. ఆ రెండు మూడు క్షణాల్లో పడవ గోడను చేరుతుంది. రిసీవర్ ఖాళీ చానెల్‌కు వోల్ట్‌మీటర్ తగిలించి, చుక్కానిని ఆ చివర నుంచి ఈ చివరకు వేగంగా ఆడిస్తూ, చేత్తో కొద్దిగా అడ్డుకుంటూ చూస్తే ఈ లోపం ఒడ్డునే పట్టుబడుతుంది.

ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే మోటారును ఆపే ఏర్పాటు) పరీక్షను మాత్రం ఎంత తొందరలో ఉన్నా దాటవేయకూడదు. పడవను స్టాండు మీద గట్టిగా నిలిపి, ప్రొపెల్లర్ దరిదాపుల్లో ఎవరి వేళ్లూ లేకుండా చూసి, కొద్దిగా థ్రాటిల్ ఇచ్చి ట్రాన్స్‌మిటర్ ఆపేయాలి. మోటారు వెంటనే ఆగాలి. ఇంజిను పడవ అయితే కార్బ్యురేటర్ మూసుకోవాలి. చాలా సెట్లలో ఫెయిల్‌సేఫ్ స్థానం రిసీవర్‌ను ట్రాన్స్‌మిటర్‌తో జతపరిచే, అంటే బైండ్ చేసే సమయంలోనే నమోదవుతుంది. అందువల్ల మళ్లీ బైండ్ చేసినప్పుడల్లా ఈ పరీక్ష మళ్లీ చేయాలి. అదుపు లేని పందెపు పడవ ఒడ్డున నిలబడ్డ మనిషి కాలు విరగ్గొట్టగలదు. పడవ పోవడం కన్నా అది చాలా పెద్ద విషయం.

నీరు రాకుండా, వచ్చినా మునగకుండా

మూత చుట్టూ వేసే టేపు తడి అంచు మీద, గ్రీజు వేళ్లతో తాకిన అంచు మీద నిలవదు. హీటుకు ముందు అంచును ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి, వెనుక భాగం నుంచి ముందుకు అతికిస్తూ రావాలి. అప్పుడు ముందు ముక్క వెనక ముక్కను కప్పేలా చూసుకుంటే ఎదురొచ్చే నీరు టేపును లేపలేదు. చుక్కాని కడ్డీ బయటికి వచ్చే చోటి రబ్బరు తొడుగు చిరిగిందేమో చూడండి. పడవలో నీరు చేరిన చాలా కేసుల్లో దోషి మూత కాదు, ఈ తొడుగే. నీరు తీసే రంధ్రపు బిరడా బిగించారా అన్నది ట్రాన్స్‌మిటర్ మీద అతికించి పెట్టుకోవలసిన ప్రశ్న.

ఎంత మూసినా బోల్తా పడి, ఢీకొని, హల్ పగిలితే నీరు వస్తుంది. అందుకే లోపల తేలే ఫోమ్ తప్పనిసరి; నీటితో నిండినా పడవ తేలాలని పందెపు సంస్థల నియమాలు కూడా కోరతాయి. ఒక లీటరు ఫోమ్ దాదాపు ఒక కిలో బరువును తేల్చగలదు. 3 కిలోల పడవలో 3 లీటర్లకు కొద్దిగా పైన ఫోమ్ పెడితే అనుమానానికి తావే ఉండదు. బ్యాటరీ, మోటారు వంటివి తమ పరిమాణం మేరకు నీటిని తోస్తాయి కనుక అంతకన్నా తక్కువ కూడా సరిపోవచ్చు, కానీ ఆ తక్కువ ఎంతో తేల్చవలసింది లెక్కతో కాదు, పరీక్షతో. బ్యాటరీ స్థానంలో అదే బరువున్న, దాదాపు అదే పరిమాణంలో ఉన్న వస్తువు పెట్టి, ఎలక్ట్రానిక్స్ తీసేసి వాటి బరువునూ అలాగే భర్తీ చేసి, లోతులేని నీటిలో మూత తెరిచి పడవను నింపి చూడండి. నీరు పీల్చే స్పాంజి కాకుండా మూసిన గదుల ఫోమ్ వాడాలి. ముక్కు వైపు కొంత ఎక్కువ పెడితే, నిండిన పడవ ముక్కు పైకెత్తి నిలబడి దూరం నుంచి కనిపిస్తుంది.

నీటి మీద

చాలా ఓవల్ పందేల్లో పడవలు గడియారం ముల్లు తిరిగే దిశలో, కుడి మలుపులు తిరుగుతూ పరుగెత్తుతాయి. మలుపు దగ్గర జరిగే తప్పు దాదాపు ఒకటే: చుక్కాని తిప్పాక భయపడి థ్రాటిల్ వదలడం. అప్పుడు ముక్కు ఒక్కసారిగా దిగి, హల్ అంచు నీటిని కొరికి, పడవ గిర్రున తిరుగుతుంది లేదా బోల్తా పడుతుంది. వేగం తగ్గించవలసింది ఇంకా తిన్నగా వెళ్తున్నప్పుడు. మలుపు మొదలయ్యాక నిలకడైన థ్రాటిల్ ఉంచి, బయటికి వస్తూ పెంచాలి.

తిన్నని దారిలో ముక్కు లేచి గాలిలో తిరగబడే పడవకు బరువు ముందుకు జరగాలి. సింగిల్ హల్ పడవల్లో బరువు కేంద్రం వెనుక గోడ నుంచి హల్ పొడవులో సుమారు 30 శాతం దగ్గర ఉంచి మొదలుపెట్టి, బ్యాటరీని ఒక్కసారికి 5 మిల్లీమీటర్ల చొప్పున జరుపుతూ చూడటం సబబు. షాఫ్ట్ వెనుక కొన కిందికి వంగితే నెట్టుడు వెనుక భాగాన్ని లేపి ముక్కును దించుతుంది. కొన పైకి ఉంటే ముక్కు లేస్తుంది. వెనుక గోడకు బిగించే ట్రిమ్ ట్యాబ్ రేకులను కిందికి వంచినా ముక్కు దిగుతుంది. ఒక పరుగుకు ఒక్క మార్పే చేయండి, లేకపోతే బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. ఎదురుగాలి ఉన్న వైపు ముక్కు కిందికి గాలి ఎక్కువగా దూరుతుంది. ఆ వైపు థ్రాటిల్ కాస్త తగ్గించడం పిరికితనం కాదు.

మొదటి చుట్టు తరవాత నీరు ఎప్పటికీ నున్నగా ఉండదు, నిటారు గోడలున్న చెరువులో అలలు తిరిగి వస్తూనే ఉంటాయి. అందుకే ఒంటరిగా, నున్నటి నీటిలో సరిచేసిన పడవ పందెంలో ఎగిరిపడుతుంది. సాధన రోజున స్నేహితుల పడవలతో కలిసి నడుపుతూ, కావాలని చెదిరిన నీటిలోనే సరిచేయండి.

ఢీకొనడాల్లో ఎక్కువ భాగం బోయ్‌ల (మలుపును చూపే తేలే గుర్తులు) దగ్గరే జరుగుతాయి. దాటేవారిదే బాధ్యత, తన లేన్‌లో ఉన్నవారు లేన్ మార్చకూడదు అన్న రెండు నియమాలను ఇద్దరూ పాటిస్తే వాటిలో చాలావాటిని తప్పించవచ్చు. ఆగిపోయిన పడవ ఎక్కడుందో బిగ్గరగా చెప్పే సహాయకుడు మీ పక్కన ఉండాలి, ఎందుకంటే నడిపేవారి కళ్లు తమ పడవను వదలలేవు. మోటారు శబ్దం మారిందా, వెంటనే థ్రాటిల్ వదలండి. నాచు, ప్లాస్టిక్ సంచి, చేపల గాలపు దారం చుట్టుకున్న ప్రొపెల్లర్‌ను ఇంకొక చుట్టు లాగించాలనుకుంటే పోయేది ఆ హీటు మాత్రమే కాదు, కంట్రోలర్ కూడా.

పడవ ఆగిపోయాక

పడవ కోసం ఈదుకుంటూ వెళ్లవద్దు. చల్లని నీరు, నాచు, పూడిక బలమైన ఈతగాళ్లను కూడా ముంచుతాయి. గాలి ఎటు వీస్తోందో ముందే చూసి, ఆగిన పడవ మీ ఒడ్డుకే కొట్టుకువచ్చే చోటును ఎంచుకుంటే సగం పని గాలే చేస్తుంది. మిగతా సగానికి, గాలపు కర్ర దారం చివర టెన్నిస్ బంతి కట్టి, పడవకు అవతల పడేలా విసిరి, దారాన్ని పడవ మీదుగా లాగితే అది చుక్కానికో స్ట్రట్‌కో చిక్కుతుంది. తెప్పలో వెళ్లేవారు లైఫ్ జాకెట్ తప్పక వేసుకోవాలి, ఒడ్డున వారిని గమనిస్తూ మరొకరు ఉండాలి, ఆ సమయంలో ఇతర పడవలేవీ నీటిలో తిరగకూడదు.

పడవ చేతికి అందాక మొదటి పని సేఫ్టీ లూప్ (బ్యాటరీ కరెంటును తెంచడానికి బయట ఉంచే వైరు చుట్టు) లాగి కరెంటు తెంచడం. లూప్ లేకపోతే బ్యాటరీ విప్పాలి. తడిసిన కంట్రోలర్ తనంతట తాను మోటారును తిప్పగలదు; పదునుపెట్టిన ప్రొపెల్లర్ ముందు వేళ్లు ఆగవు. ట్రాన్స్‌మిటర్‌ను ఈ పని అయ్యాకే ఆపాలి.

తడిసిన పడవకు మొదటి గంట

ఉప్పునీరు అయితే ఆలస్యం చేయవద్దు. బ్యాటరీ తీసిన తరవాత మిగతా భాగాలన్నింటినీ మంచినీటితో కడిగి, నీరు వంచి, షాఫ్ట్‌ను లాగి, తుడిచి, నూనె పట్టించాలి. బేరింగుల్లో నీటిని తరిమే స్ప్రే కొట్టి, ఆ తరవాత నూనె వేయాలి. స్ప్రే ఒక్కటే సరిపోదు. సర్వో, రిసీవర్‌లను విప్పి గాలి తగిలేలా ఆరనివ్వాలి, మళ్లీ కరెంటు ఇవ్వడానికి కనీసం మరుసటి రోజుదాకా ఆగాలి.

లైపో బ్యాటరీ ఉప్పునీటిలో మునిగితే దాన్ని మంటలంటుకునే వస్తువులకు దూరంగా, ఆరుబయట, కాంక్రీటు వంటి నేల మీద ఉంచి గంటల తరబడి గమనించాలి. ఉబ్బినా, దెబ్బ తగిలి నొక్కుపడినా, బ్యాలెన్స్ ప్లగ్‌లో తుప్పు కనిపించినా అది మళ్లీ చార్జర్ ముఖం చూడకూడదు. కారు డిక్కీలో మూసిపెట్టి ఇంటికి తేవడం అసలే వద్దు.

ఇంజిను పడవ తిరగబడితే స్టార్టర్ వైపు చేయి పోనివ్వకండి. సిలిండర్‌లో చేరిన నీరు గాలిలా నొక్కుకుపోదు. బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. గ్లో ప్లగ్‌ను, లేదా స్పార్క్ ప్లగ్‌ను తీసి, పడవను బోర్లించి, ఫ్లైవీల్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పుతూ నీరంతా వెళ్లగొట్టాలి. తరవాత కొత్త ఇంధనంతో కడిగి, వీలైతే ఒడ్డునే కాసేపు నడిపి వేడెక్కనివ్వాలి. ఆ రోజు ముగిసేలోపు లోపలికి నూనె వేయకపోతే బేరింగులు రాత్రికి రాత్రే తుప్పు పడతాయి.

అదే రోజు మళ్లీ దింపడం

తరవాతి హీటు పిలుస్తున్నప్పుడు మనసు తొందరపడుతుంది. ఆ సమయంలో నిర్ణయం సులభం కావడానికి నేను మూడు విషయాలు చూడమంటాను. ఆగడానికి కారణం చేతికి దొరికిందా? ఊరికే మళ్లీ పనిచేయడం కారణం దొరకడం కాదు. ఫెయిల్‌సేఫ్ పరీక్ష మళ్లీ నెగ్గిందా? హల్‌కు పగులు ఉంటే లోపల ఫోమ్ ఇంకా దాని చోట ఉందా? మూడింటికీ అవునని చెప్పగలిగితే దింపండి. ఒక్కదానికి కాకపోయినా ఆ హీటును వదలండి. ఎదుటివారి తప్పు వల్ల దెబ్బ తగిలి ఉంటే అభ్యంతరాన్ని హీటు ముగిశాక పందెపు డైరెక్టరుకు చెప్పాలి, డ్రైవర్లు నిలబడే స్టాండు మీద కాదు. అక్కడ ఇంకా పడవలు నడుపుతున్నవారి ధ్యాస చెదిరితే మరో ప్రమాదం జరుగుతుంది. మీ తప్పు వల్ల వారికి నష్టం జరిగితే ముందు మీరే వెళ్లి మాట్లాడి, మీ పెట్టెలోని విడి భాగాలు వారి ముందు పెట్టండి.

ఆగిన ప్రతి సందర్భానికీ నోటుపుస్తకంలో ఒక వరుస రాయండి: ఏ ప్రొపెల్లర్, ఎంత గాలి, ఏ చుట్టులో ఆగింది, భాగాల వేడి ఎంత, చార్జర్ ఎంత ఎక్కించింది, విప్పితే ఏం కనిపించింది. ఒకే లోపం రెండోసారి ఆ పేజీల్లో కనబడితే ఆ భాగాన్ని మరమ్మతు చేయడం మాని, దాని అమరికనే మార్చండి.